గాలి చిల్లు

చంక దాకా చెయ్యి చేపల తొట్టి ఉప్పునీళ్ళలో ముంచి, స్టూలు మీద మునివేళ్ళపై నిలబడి, బుగ్గ అద్దానికి నొక్కుకుని, అటువైపు కుర్చీలో కూర్చున్న ఆ మనిషి నడినెత్తిని చూస్తున్నాను, జుట్టు పలచబడింది, బాగా అయింది, ఇంకా ఊడాలి. అన్నయ్య అనడం మానేశాను. పైకే కాదు లోపల కూడా మానేశాను, సర్వేయరు అంటున్నాను, భూములు కొలిచే ఉద్యోగం చేసేవాణ్ణి సర్వేయరు అనక ఏమంటారు. కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు చూడు, ఈ పనితో తనకేమీ సంబంధం లేనట్టు. వాడి వెనక ఇటుకలు పేర్చి ఉన్నాయి, నడుమెత్తు వరుస, నీళ్ళలోంచి చూస్తే ఆ ఎరుపు వణుకుతోంది, పక్కనే సిమెంటు బస్తా, బస్తా మీద తాపీ. ఎక్కడ పెడితే నాకు కనబడుతుందో సరిగ్గా అక్కడే పెట్టించాడు, కొలిచి మరీ పెట్టించి ఉంటాడు. నా వేళ్ళ మధ్య పంపు జారుతోంది. ఇది నీళ్ళలో అలలు పుట్టించే పంపు, సగం తొట్టి లోపల, సగం అద్దం బయట, రెండు సగాలనూ అయస్కాంతం పట్టి ఉంచుతుంది, ఆ రెంటి మధ్యా పొరపాటున వేలు పడితే గోరు నల్లబడుతుంది. ఇందాకే పడింది. అమ్మా అని అరవబోయి మింగేశాను, వాడికి ఆ ఆనందం ఎందుకివ్వాలి.

ఇదంతా ఒకప్పుడు ఒకే హాలు, మధ్యలో మనిషి పొడుగును మించి అడ్డంగా సాగిన ఈ తొట్టి, అటు సోఫాలోంచీ కనబడాలి ఇటు సోఫాలోంచీ కనబడాలి అని ఇద్దరం కలిసి కట్టుకున్నది, లోపల పగడాలు, పగడాల మధ్య చేపలు, చుట్టాలొస్తే ముందు తొట్టి చూసి ఆ తర్వాత మమ్మల్ని పలకరించేవాళ్ళు. అలా చుట్టాలొచ్చిన ఒక పూటే అన్నాడు ఆ మాట. నా పని పళ్ళసెట్లు చెయ్యడం, డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే మైనంతో, ప్లాస్టరుతో కూర్చుని పళ్ళు కడతాను, అందులో నవ్వడానికేముంది, కానీ వాడికి కనబడింది. మా వాడు ఊరందరికీ పళ్ళు పెడతాడు గానీ వాడికి కొరకడం రాదు, ఈ ఇంట్లో కొరికే పని నాదే, అన్నాడు. అందరూ నవ్వారు, ఒకాయనైతే నేను చేసిన పళ్ళతోనే నవ్వాడు. మా ఆవిడ నవ్వలేదు, లోపలికెళ్ళిపోయింది. నేను మర్నాడు పొద్దున్నే వాడి ముందు నిలబడి, నా సగం నాకు కొలిచి ఇచ్చెయ్ అన్నాను. ఏ అన్న అయినా ఏం చేస్తాడు, తిడతాడు, లేదా పోరా అంటాడు, వీడు లోపలికెళ్ళి టేపు తెచ్చాడు. నేల మీద సుద్దతో గీత గీసి, ఆ గీత తొట్టి కిందుగా పోతే తొట్టి అంచు మీద కూడా గీసి, గీత పొడుగునా ప్లైవుడ్డు కొట్టించాడు. తొట్టి ఉన్నంత మేర మాత్రం చెక్క పట్టక వదిలేశాడు, అందుకే నీళ్ళలోంచి వాడూ, తొట్టి మీద ఖాళీలోంచి వాడి గొంతూ ఇంకా నా ఇంట్లోనే ఉన్నాయి. పైపుల దగ్గర కూడా న్యాయమే చేశాడట. తొట్టిలోంచి పొంగిన నీళ్ళు దిగే కింది తొట్టి, దాని మోటారు నా అలమరలో, ఆ నీళ్ళను మళ్ళీ పైకి తెచ్చి తొట్టిలో వదిలే పైపు మూతి వాడివైపు. అలలు పుట్టించే పంపులు చెరొకటి. సమానం, అన్నాడు వదినతో. నాతో అనలేదు, నాతో ఏదీ అనడు.

ఇప్పుడు మూల అతుకు చెమ్మగిల్లడంతో నీళ్ళన్నీ తోడేసి, కొత్తగా అతికించి మళ్ళీ నింపాం, కలిసి కాదు, నేను ఆఫీసు... కాదు నాకు ఆఫీసెక్కడిది, వాడు ఆఫీసుకెళ్ళినప్పుడు నేను, నేను నిద్రపోయినప్పుడు వాడు. తోడేసినప్పుడే అన్నాడు, ఇంక దీన్ని మళ్ళీ నింపడమెందుకు, గోడ కట్టేద్దాం అని, ఇటుకలు దింపించాడు. వదిన అడ్డం పడింది. మేస్త్రీ సాయంత్రం వస్తాడు, ఆలోపు నీళ్ళు రెండువైపులా సరిగ్గా తిరిగితే తొట్టి ఉంటుంది, తిరక్కపోతే పగడాలు షాపువాడికి, ఇక్కడ గోడ, మళ్ళీ నన్ను ఎవరూ ఏమీ అడగొద్దు అంది. అందుకే ఈ మధ్యాహ్నం ఇలా వేలాడుతున్నాను. పగడాలు నా వెనక టబ్బుల్లో ఉన్నాయి, వెచ్చగా ఉండటానికి హీటర్లు పెట్టాను, కానీ టబ్బుల్లో నీళ్ళు ఆడవు, నీళ్ళు ఆడకపోతే వాటికి ఊపిరాడదు. ఒకే వైపునుంచి ధార కొడితే ఒంటి మీది తోలు లేచిపోతుంది, ఏ వైపునుంచీ కొట్టకపోతే మురికి కూర్చుని కుళ్ళిపోతాయి, అటునుంచొకటి ఇటునుంచొకటి వచ్చి మధ్యలో ఢీకొని చెల్లాచెదరవ్వాలి, ఆ చెల్లాచెదురులోనే అవి విచ్చుకుంటాయి. చిటికెడు చేపల మేత నలిపి వేశాను, ఎటు పోతుందో చూద్దామని. పోయింది, నా వైపు అద్దానికొచ్చి అంటుకుంది. వాడి పంపు ఎక్కువ పెట్టాడు. నాదీ పెంచాను. ఇసుక లేచింది, తొట్టి నిండా మబ్బు, మబ్బుకవతల వాడు దగ్గుతున్నాడు, నీళ్ళలో ఇసుక లేస్తే బయటున్న వాడికి దగ్గెందుకో.

"పంపు కొంచెం పైకి తిప్పమను వదినా," అన్నాను. వాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు.

"పైకి తిప్పాలట," అంది వదిన, ఉతికిన బట్టలు మడతపెడుతూ.

"ఎంత పైకో చెప్పమను. కొంచెమనేది కొలత కాదు."

"ఎంతట?"

"ఇసుక లేవనంత."

"ఇసుక లేవనంతట."

"అదీ కొలత కాదు," అన్నాడు, వదిన చేతిలోని దుప్పటి మడతతో చెబుతున్నట్టు. తిప్పాడు మాత్రం, నాకు కావాల్సినంతే తిప్పాడు, అది ఇంకా ఒళ్ళు మండించింది. తెలిసినవాడు అడగడమెందుకు. వాడి చెయ్యి నీళ్ళలోకి దిగితే పెద్దగా, ఉబ్బినట్టు కనబడుతుంది, నా చెయ్యి కూడా అటునుంచి అలాగే కనబడుతుందేమో, రెండు చేతులూ ఒకే నీళ్ళలో ఉన్నాయి, ఎంత అసహ్యం. ఇసుక కూర్చుంది. మేత తునకలు ఈసారి మధ్య దాకా వచ్చి, అక్కడ తికమకపడి, పైకి లేచి, రెండుగా చీలిపోయాయి. ఇదే కావాలి. సరిగ్గా ఇదే. వాడు చూశాడా అని చూశాను, వాడు చూస్తున్నాడు, వెంటనే ఇద్దరం గడియారం వైపు తిరిగాం, చెరొక గడియారం.

టబ్బులో ఆ పెద్ద పగడాల గుత్తి ఉంది, రెండు చేతులూ చాపితే గానీ పట్టదు. తెచ్చినప్పుడు బొటనవేలంత ముక్క, ఎంత దూరమో బస్సులో, నీళ్ళ సంచిలో, చలికి చచ్చిపోతుందని వాడు సంచిని చొక్కా లోపల పెట్టుకున్నాడు, పొట్ట తడిసిపోయి వణుకుతూ కూర్చున్నాడు, నాకివ్వమంటే నీకు జలుబు చేస్తుంది అన్నాడు, ఇవ్వలేదు. అప్పుడూ అంతే, ఏదీ నా చేతికివ్వడు, నా జలుబు కూడా తానే చూసుకోవాలి. పంపకాలప్పుడు దీని సంగతేమిటని వదిన అడిగితే, కోసి చెరి సగం పెట్టుకోవచ్చు, కోసినా రెండూ బతుకుతాయి అన్నాడు. నిజమే, బతుకుతాయి, కొయ్యడానికి నా దగ్గర వజ్రపు పొడి బిళ్ళ కూడా ఉంది, గట్టి పింగాణీ పళ్ళు కోసేది. ఆ మాట అనడానికి వాడికి నోరెలా వచ్చిందని నేను రోజుల తరబడి ఉడికిపోయాను. కోస్తే కొయ్యనీ. గోడ కడితే కట్టనీ. నాకేం, హాయి, ఈ నెత్తి కనబడదు, ఈ దగ్గు వినబడదు, పొద్దున్నే పేపరు మడిచి మోకాలి మీద కొట్టుకునే ఆ చప్పుడుండదు. కాదు, హాయి కాదు. ఎవరితో అబద్ధం, నాతో నేనా. మనిషిని తిట్టుకోవాలంటే మనిషి కనబడాలి, ఇటుకల్ని తిట్టుకుంటూ ఎన్నాళ్ళు బతుకుతాను. నాకు ఈ తొట్టి కావాలి. వాడు నాకు అక్కర్లేదు, కానీ వాడు అక్కడ ఉండాలి, ఆ కుర్చీలో, నా కోపానికి ఎదురుగా. మా ఆవిడతో ఈ మాట అంటే నవ్వుతుంది, అందుకే అనలేదు.

అసలు పరీక్ష మిగిలింది. కరెంటు తీసి చూడాలి. ఎప్పుడో ఒకప్పుడు కరెంటు పోతుంది, పోయినప్పుడు మోటారు ఆగుతుంది, ఆగగానే పైపులో పైకి పోతున్న నీళ్ళు వెనక్కి తిరుగుతాయి, పైపు మూతి తొట్టిలో జానెడు లోతున ఉంటుంది కాబట్టి ఆ జానెడు నీళ్ళనూ పీల్చుకుంటూ కింది తొట్టిలోకి దిగుతాయి, కింది తొట్టి నా అలమరలో, అందులో అన్ని నీళ్ళకు చోటు లేదు. అలా జరక్కూడదనే పైపు వంపు దగ్గర నీళ్ళకు పైన చిన్న చిల్లు పెట్టాను, గాలి చిల్లు అంటాం, నీళ్ళు వెనక్కి తిరగ్గానే అది గుర్రుమని గాలి పీలుస్తుంది, గాలి దూరగానే ధార తెగిపోతుంది. స్టూలు దిగి, అలమర తలుపు తీసి, స్విచ్చి ఆపాను. చప్పుళ్ళన్నీ ఒక్కసారి పోయాయి. అటువైపు ఫ్యాను తిరుగుతున్న శబ్దం, దుప్పటి దులిపిన శబ్దం, వాడి ఊపిరి. కింది తొట్టిలో నీళ్ళు పెరుగుతున్నాయి, పెరగాలి, నేను గీసుకున్న గీత దాకా పెరిగి ఆగాలి. గుర్రు కోసం చెవులు రిక్కించాను. గీత దగ్గరకొచ్చింది. గీత మునిగింది. గుర్రు రాలేదు. రాదేం. అంచు దాకా వచ్చింది, అంచు మీద ఉబ్బి నిలబడింది, నేను నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నాను, నా పాదాల మీద చల్లగా పడింది, ప్లాస్టరు బస్తాల కిందకి, నోటి అచ్చులు ఆరబెట్టిన బల్ల కాళ్ళ దగ్గరకి పాకింది. స్విచ్చి వేశాను. మోటారు మూలిగి అందుకుంది. టార్చి తీసుకుని స్టూలెక్కి అటువైపు వంపు మీదికి కొట్టాను. చిల్లు లేదు. చిల్లున్న చోట తెల్లగా జిగురు ముద్ద, మూల అతుకులకి తెచ్చిన జిగురే, దాని మీద నొక్కిన బొటనవేలి గుర్తు. అచ్చులు చూసి బతికేవాణ్ణి నేను, ఎవరి బొటనవేలో నాకు చెప్పాలా.

ముంచేద్దామనుకున్నాడు. అంతే, ఇంకోటి కాదు. నేను నిద్రలో ఉండగా కరెంటు పోతే తెల్లారేసరికి నా బస్తాలు రాళ్ళయ్యుండేవి, జనం నోళ్ళన్నీ నీళ్ళలో తేలుతుండేవి, వాడు కుర్చీలో కాళ్ళు చాపుకుని అయ్యయ్యో అనేవాడు, వదినతో. లేదా ఇవాళే, ఈ పరీక్ష తప్పాలనే, తప్పితే గోడ. ఎంత ఓపిక, ఎంత నీచం, నవ్వుతాలుకు కొరికినవాడు ఇప్పుడు నిజంగా కొరుకుతున్నాడు. టార్చి ఆర్పాను. తొట్టి మీద ఖాళీలోంచి గట్టిగానే అన్నాను.

"గాలి చిల్లు ఎందుకు మూశాడో అడుగు వదినా."

వదిన మడత ఆపింది. "చిల్లెందుకు మూశారని."

"కారుతోంది. మూశాను."

"కారడం కాదు, అది ఉండాలి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడు ఈ నీళ్ళన్నీ నా ఇంట్లో ఉంటాయి. ఇప్పుడు వచ్చాయి. నా కొంప ముంచుదామనే మూశావా అని అడుగు."

అడగలేదు వదిన. చేతిలో బట్టలు పక్కన పడేసి తొట్టి దగ్గరకొచ్చింది, నీళ్ళలోంచి కాదు, పైనుంచి, మడమలెత్తి నా కళ్ళలోకి చూసింది.

"ఇంక నా వల్ల కాదు. చెప్పొద్దన్నారు, అయినా చెప్తాను. ఆ చిల్లులోంచి ఎప్పుడూ తుంపర చిమ్ముతుంది. అద్దం మీద పడి ఎండి ఉప్పు చారలు కడుతుంది. తడిగుడ్డతో తుడుస్తారు, మర్నాటికి మళ్ళీ తెల్లగా అయిపోతుంది. ఆ కుర్చీలోంచి చూస్తే నీ బల్ల కనబడదు. నువ్వు పళ్ళు అరగదీసుకుంటూ కూర్చుంటావు చూడు, అటే చూస్తారు. మొన్న జిగురు మిగిలితే మూశారు. అది కారే చిల్లో, కారాల్సిన చిల్లో ఆయనకేం తెలుసు, నాకేం తెలుసు. ఇంక మీరూ మీరూ ఏడవండి."

వాడు కుర్చీలో కదల్లేదు. పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, తలకిందులుగా పెట్టుకున్నాడు. మొన్న. ఇటుకలు దింపించింది అంతకుముందు. అంటే ఇటుకలు దింపించుకుని, మేస్త్రీని రమ్మని చెప్పుకుని, ఆ తర్వాత కూర్చుని, అద్దం మీద ఉప్పు పడకుండా చిల్లు మూశాడు. గోడ కట్టేవాడికి అద్దంతో పనేమిటి. కోపం మళ్ళీ వచ్చింది, ఇంతకుముందుకన్నా ఎక్కువ వచ్చింది. చూస్తాడట. రోజూ చూస్తాడట, కుర్చీ వేసుకుని, నేనేదో చేపనైనట్టు. చూసేవాడికి నోరు లేదా. నేను అటు వీపు పెట్టి కూర్చునేది ఎవరి వల్ల, ఆ వీపునే చూస్తూ కూర్చున్నాడా ఇన్నాళ్ళూ, ఆ వీపులో ఏముందని. ఏడుపొస్తోంది, వాణ్ణి చంపాలనుంది. బల్ల దగ్గరకెళ్ళి పళ్ళకు వాడే చిన్న డ్రిల్లు తెచ్చాను, బ్యాటరీతో తిరిగేది, మొనకి సన్నటి ముల్లు బిగించాను, మోటారు ఆపి స్టూలెక్కాను. నీళ్ళు కిందకి దిగడం మొదలైంది, పైపు మూతిని ఎవరైనా వెంటనే నీళ్ళలోంచి పైకెత్తాలి, నా చెయ్యి అక్కడికి అందదు.

"ఎత్తి పట్టుకో," అన్నాను.

వదిన అలవాటు కొద్దీ అటు తిరిగి "ఎత్తి..." అని ఆగిపోయింది. వాడప్పటికే పైపును నీళ్ళలోంచి లేపి, రెండు చేతులతో పట్టుకుని నా వైపు వంచాడు. ఒక చెయ్యి వదిలి, చెవి మీది పెన్సిలు తీసి వంపు మీద చుక్క పెట్టాడు.

"ఇక్కడ పెట్టు."

"అక్కడ కాదు. అక్కడ పెడితే మళ్ళీ చిమ్ముతుంది. నీళ్ళ మట్టానికి వేలెడు మందం కింద పెట్టాలి."

"నీళ్ళలో చిల్లుకి గాలెక్కణ్ణుంచి వస్తుంది?"

"నీళ్ళు కాస్త దిగగానే బయటపడుతుంది, అప్పుడొస్తుంది. కొలవడం తప్ప ఆలోచించడం రాదా నీకు?"

"ఆలోచించే మొదటిసారి పైన పెట్టావా? ఇన్నాళ్ళూ నా మొహాన చిమ్మించావు."

"చిమ్ముతోందని నోటితో చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్పాలిరా, నీ వీపుకా?"

ముల్లు తిరిగింది, తెల్లటి పొడి రాలింది, వాడు పైపును కదలకుండా పట్టుకున్నాడు, వాడి పిడికిలి నా మణికట్టుకు తగులుతోంది, తడిగా, వెచ్చగా. నేను చిల్లులోని పొడి ఊదేశాను. పైపు నీళ్ళలోకి దించమన్నాను, దించాడు, మోటారు వేశాను, తుంపర రాలేదు. మళ్ళీ ఆపాను. నీళ్ళు వేలెడు దిగాయి, వంపు దగ్గర గుర్రుమంది, ఆగిపోయింది. మళ్ళీ స్టూలెక్కాను. అక్కడితో నోరు మూసుకోగలిగితే బాగుండేది.

"కొరకడం రాదన్నావు," అన్నాను. "అంతమందిలో."

"నవ్వుతాలుకన్నాను."

"నాకు నవ్వు రాలేదు."

"రాకపోతే అక్కడే తిట్టొచ్చు కదా. నా సగం నాకిచ్చెయ్ అంటావా? అన్నతో అనే మాటేనా అది?"

"అంటే టేపు తెస్తావా?"

"తెమ్మన్నదెవడు?"

"తెచ్చినదెవడు? సుద్ద కూడా తెచ్చావు. గుత్తిని కోద్దామన్నావు."

"నువ్వు వద్దంటావనే అన్నాను. నీ నోటికేమైంది, వదినతో చెప్పించుకుంటూ ఉత్త మూగాడిలా..."

"మూగాడెవడు, నేనా? పేపరు తిరగేసి పట్టుకున్నదెవడు?"

వాడు స్టూలొకటి లాక్కుని ఎక్కాడు, నాకంటే ఎత్తు కావాలని, ఇప్పుడు తొట్టి మీద ఖాళీలో మొహాలు మొహాలకు తగిలేంత దగ్గరయ్యాయి, వాడి కనుబొమ్మల్లో కూడా ఉప్పు మెరుస్తోంది, ఇంకా అరుస్తున్నాడు, నేనూ అరుస్తున్నాను, ఏ మాటకు ఏ మాటో తెలియడం లేదు. అలల పంపులు ఎవరు మళ్ళీ వేశారో, కింద నీళ్ళు అటునుంచీ ఇటునుంచీ వచ్చి కొట్టుకుంటున్నాయి. ఫోను మోగింది. మేస్త్రీ బయల్దేరుతున్నాడట, ఏం చెప్పమంటారు అని వదిన అడిగింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. ముందు గుత్తిని దించుదాం, అటు చివర పట్టుకో అంటున్నాడు వాడు, నువ్వు పట్టుకుంటే విరుగుతుంది అంటున్నాను నేను, పదిమందిలో నన్ను వెధవని చేశావు అంటున్నాను, చొక్కాలో పెట్టుకుని తెచ్చింది నేను అంటున్నాడు వాడు. వదిన ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుంది.

"ఇవాళ రావద్దు మేస్త్రీ," అంది. "వీళ్ళు మాట్లాడుకుంటున్నారు."